గుట్టకని చెప్పి

నల్లమల వెళ్లొచ్చానంటే అందరూ మొదట అడిగేది పులి కనిపించిందా అని. కనిపించలేదు. అడుగుజాడ ఒకటి చూపించారు. అదీ పాతదే, వాననీళ్లు నిలిచి చిన్న గుంటలా అయిపోయింది. దుప్పులు కనిపించాయి, నెమళ్లు కనిపించాయి, కొండ అంచున నిలబడితే కంటికి ఆనినంత దూరం అడవి కనిపించింది. ఇంకా వెళ్లనివాళ్ల కోసం ఇవన్నీ వివరంగా రాద్దామనే కూర్చున్నాను. కానీ రాయబోయిన ప్రతిసారీ కారు వెనక సీట్లో కూర్చున్న ఒకావిడ ముఖం అడ్డొస్తోంది. అందుకని అడవి గురించి కొంచెం తక్కువగా, ఆవిడ గురించీ నా గురించీ కొంచెం ఎక్కువగా రాస్తాను. చదివాక మీరు నన్ను తిట్టుకున్నా ఏమీ అనుకోను. వచ్చిన దగ్గర్నుంచీ ఆ పని నేనే చేసుకుంటున్నాను.

తూంకుంటలో ఏర్పాట్లు

నేను తూంకుంటలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. తూర్పు కనుమలు, అభయారణ్యాలు, పులుల సంరక్షణ అని ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పడమే తప్ప, గట్టిగా ఒక అడవిలో అడుగుపెట్టింది లేదు. ఈసారి దసరా సెలవులు అయిపోయేలోపు నల్లమల చూసి తీరాలని పట్టుబట్టాను. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. అడవి లోపల తిప్పే జీపు ముందుగానే మాట్లాడిపెట్టాను. స్టాఫ్ రూములో పదిమందికీ చెప్పేశాను. తెలుగు టీచర్ రమాదేవి తానూ వస్తానంది. ఆవిడది భీమవరం వైపు, కొండ అనేది చూసినవాళ్లు చెబితే విన్నదే.

అన్నీ కుదిరాక మా కారు మొరాయించింది. గుండ్లపోచంపల్లి మెకానిక్ ఇంజన్ విప్పి, వారం పడుతుందన్నాడు. జీపు మాట్లాడిన రోజు మారదు. చెప్పిన పదిమంది ముందు నోరు మూసుకుని కూర్చోవడం నా ఒంటికి పడదు. అప్పుడు గుర్తొచ్చాడు నరేందర్. మా ఆయన శ్రీనివాస్‌కు చిన్నమ్మ కొడుకు, నాకు మరిది. మేడ్చల్‌లో ఉంటాడు, పెద్ద బండి ఒకటి కిరాయికి తిప్పుకుంటాడు.

ఫోన్ చేసి, "తమ్మీ, ఆదివారం గుట్టలకు పోదామనుకుంటున్నం, బండి దొరుకుతదా?" అన్నాను.

"గుట్టకా వదినా? మంచి మాట చెప్పినవ్. అమ్మకు మొక్కున్నది, ఎప్పటిసంది అడుగుతున్నది, నాకే తీరుతలేదు. అమ్మను గూడ తీస్కపోండ్రి. కిరాయి మాట ఎత్తకు," అన్నాడు.

ఇక్కడ మా వైపు వాళ్లు కానివారికి ఒక మాట చెప్పాలి. మాకు ఊరికొక గుట్ట ఉంటుంది. కానీ వెనకా ముందూ ఏమీ లేకుండా "గుట్టకు పోతున్నం" అంటే అది ఒక్కటే, యాదగిరిగుట్ట, నరసింహస్వామి. నేను అన్నది "గుట్టలకు". అతను విన్నది "గుట్టకు". మధ్యలో ఒక్క 'ల' జారిపోయింది. ఆ జారిపోవడం నాకు ఆ క్షణమే తెలిసింది. "కాదు తమ్మీ, నల్లమల" అనడానికి నోరు తెరిచాను కూడా. తెరిచిన నోటితో "సరే తమ్మీ" అన్నాను.

శనివారం సాయంత్రం నరేందర్ వాళ్లమ్మే ఫోన్ చేసింది. ఆమె పేరు యాదమ్మ. మా అత్తగారి చెల్లెలు, నేను చిన్నత్తమ్మ అంటాను. కిందటి వానాకాలం నరేందర్ బండి హైవే మీద బోల్తా పడి కాలు విరిగినప్పుడు, కొడుకు మళ్లీ నడిస్తే తలనీలాలు ఇస్తానని ఆమె గుట్టకు మొక్కుకుంది. డెబ్బై దాటిన మనిషి, ఇంకా పిడికిలి నిండే కొప్పు.

"రేపు ఒక్కపొద్దుంట బిడ్డా. దర్శనమైనంకనే ముద్ద ముడుత. కొప్పు ఇచ్చేస్త, ఇగ నువ్వే సూడాలె నన్ను గుండు మీద," అని నవ్వింది.

"మంచిగనే ఉంటవు అత్తమ్మా," అన్నాను నేను.

అడవి మొదలయ్యే మన్ననూరుకు ముందే ఉమామహేశ్వరం గుడి ఉంది కదా, అక్కడ దర్శనం చేయిద్దాం, కొండ మీది దేవుడు ఎవరైతేనేం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఈ సంగతంతా రమాదేవికి నవ్వుతూ చెప్పాను కూడా. ఆవిడ నవ్వలేదు. "మరి తెలిసాక పెద్దావిడ ఏమంటారండీ?" అంది. "ఏమీ అనదు, మంచి మనిషి" అన్నాను. మంచివాళ్ల మీద మనకు ఎంత ధైర్యమో.

రింగురోడ్డు మీద

తెల్లవారకముందే నరేందర్ తల్లినీ బండినీ తీసుకొచ్చి మాకు అప్పగించి, తను బస్సెక్కి మేడ్చల్ వెళ్లిపోయాడు. యాదమ్మ తలస్నానం చేసి పసుపురంగు చీర కట్టుకుంది. చేతిలో గుడ్డసంచి. అందులో కొబ్బరికాయ, అగరొత్తులు, కర్పూరం, అగ్గిపెట్టె. మా ఆయనకు ఈ గుట్ట గొడవేమీ తెలియదు. చిన్నమ్మ కూడా సరదాగా వస్తోంది కాబోలు అనుకున్నాడు.

శామీర్‌పేట దగ్గర రింగురోడ్డు ఎక్కాం. మంచు పల్చగా ఉంది. నా అదృష్టమో దురదృష్టమో, గుట్టకైనా నల్లమలకైనా ఘట్‌కేసర్ వరకు దారి ఒకటే. గుట్టకైతే అక్కడ దిగి వరంగల్ రోడ్డు పట్టుకోవాలి, నల్లమలకైతే దిగకుండా తుక్కుగూడ వరకు చుట్టి రావాలి. కీసర దాటేదాకా యాదమ్మ వెనక నుంచి కబుర్లు చెబుతూనే ఉంది. తన పుట్టుకే గుట్ట మొక్కట, అందుకే ఆ పేరట. చిన్నప్పుడు ఎడ్లబండి మీద రెండు రాత్రుళ్లు దారిలో పడుకుని వెళ్లేవాళ్లట. నేను ముందు సీట్లో కూర్చుని ఊ కొడుతున్నాను.

ఘట్‌కేసర్ బోర్డు వచ్చింది, వెళ్లిపోయింది.

"శీనూ, దారి తప్పినవ్ బిడ్డా. గుట్టకు ఈడ గదా దిగాలె," అంది యాదమ్మ.

"గుట్ట ఏంది చిన్నమ్మా? మనం పోయేది నల్లమల. పులుల అడవికి," అన్నాడు మా ఆయన, పాపం నవ్వుతూనే.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. తర్వాతి ఎగ్జిట్ దగ్గర దిగి వెనక్కి తిప్పితే గంటన్నరలో గుట్ట. అది చెప్పకుండా నేను వెనక్కి తిరిగి, బడిలో పిల్లలకు పాఠం విప్పి చెప్పే గొంతుతో, "అత్తమ్మా, నేను గుట్టలకు అని చెప్పిన. నీకు గుట్ట అని ఇనబడ్డట్టున్నది," అన్నాను.

"నిన్న ఫోన్ల కొప్పు సంగతి సెప్పిన గద బిడ్డా?"

"చెప్పినవ్. గుట్టకు ఇంకోసారి పోదాం, రేపు అడవికి అని నేను అన్న గదా. నీకు ఇనరాలేదేమో."

అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. నాది బాగా అతికింది. యాదమ్మ కాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కుడి చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"అయ్యుంటది బిడ్డా. సెవులు మొద్దుబారినయేమో, నాకే తెలుస్తలేదు," అంది.

అద్దంలో, వెనక యాదమ్మ పక్కన కూర్చున్న రమాదేవి కళ్లు నాకు తగిలాయి. నేను కిటికీ బయటికి చూశాను. తేలుకుట్టిన దొంగకు కిటికీ ఎంత ఉపయోగమో ఆ రోజే తెలిసింది.

ఆమన్‌గల్ ఇడ్లీ, దారిపొడుగునా సీతాఫలాలు

తుక్కుగూడ దాటాక ఊరు సన్నబడి, చేలు మొదలవుతాయి. పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. కడ్తాల్ నుంచి రోడ్డుకు రెండువైపులా సీతాఫలాల గంపలే. మా శామీర్‌పేట చౌరస్తాలో గంప మూడు వందలు చెబితే ఇక్కడ నూటయాభై, అదీ ఒళ్లంతా కళ్లు విచ్చుకున్న పండ్లు. ఆమన్‌గల్‌లో ఒక హోటల్ ముందు ఆగాం. రేకులషెడ్డు. పొయ్యి దగ్గర ఒక లావుపాటి ఆమె ఇడ్లీపాత్ర మూత తీస్తూ ఎవరెవరికి ఎన్నో అడక్కుండానే పెట్టేస్తోంది. మా దగ్గర ఇడ్లీకి కొబ్బరి చట్నీ ఇస్తారు. ఇక్కడ పల్లీల చట్నీ, పైన కారంపొడి, అడిగితే ఇంకో గరిటె, దానికి లెక్కలేదు. ఇంత మంచి చట్నీ నేను మన హైదరాబాదులో తినలేదు.

యాదమ్మ చాయ్ మాత్రం తాగింది.

"పెద్దమ్మ తింటలేదేంది?" అని అడిగింది హోటలామె.

"ఏందీ?" అంది యాదమ్మ, ముందుకు వంగి.

"తింటలేవేందమ్మా అన్న."

"ఒక్కపొద్దు బిడ్డా. జర గట్టిగ మాట్లాడు, నాకు సెవులు ఇనరావంట."

ఇనరావంట! హోటలామె జాలిపడి, ఆ తర్వాత ప్రతి మాటా అరిచి చెప్పింది. యాదమ్మ ఆ అరుపులకు ఉలిక్కిపడుతూనే తల ఊపింది. నేను రెండో ఇడ్లీ వదిలేసి లేచాను.

డిండి దగ్గర చేపల వేపుడు గురించి విన్నవాళ్లు చాలామంది ఉంటారు. చెరువు నిండుగా ఉంది, గట్టు పక్కనే పెనం మీద ముక్కలు వేసి ఇస్తున్నారు. మా ఆయన, రమాదేవి తిన్నారు. నేనూ తిన్నాను, ఆ సంగతి దాచను. ఆకలి సిగ్గు ఎరగదు. యాదమ్మ వాసన తగలకుండా కొంగు అడ్డం పెట్టుకుని బండిలోనే కూర్చుంది. ఆమె పక్కన సంచిలోంచి కొబ్బరికాయ పీచు కనబడుతోంది.

తిరిగి బయల్దేరాక ఉమామహేశ్వరం సంగతి ఎత్తాను. దారిలోనే గుడి ఉంది, కొండచరియ కింద నీటిబొట్లు పడుతుంటాయి, అక్కడ మొక్కు తీర్చుకోవచ్చు అన్నాను.

"దండం పెట్టుకుంట గాని, ఒకలకు మొక్కింది ఇంకొకలకు ఇస్తరా బిడ్డా?" అంది. అందులో కోపం లేదు. అలా కూడా అడుగుతారా అన్న ఆశ్చర్యమే ఉంది. జీపు వేళ దాటిపోతుందని ఆ దండం కూడా పెట్టించలేదు.

ఫరహాబాద్

మన్ననూరు దాటాక రోడ్డు అడవిలోకి దూరుతుంది. గాలి మారిపోతుంది, చెవులకు ఒక్కసారిగా నిశ్శబ్దం తగులుతుంది. ఫరహాబాద్ గేటు దగ్గర బండి వదిలి జీపు ఎక్కాలి. ప్లాస్టిక్ సీసాలు, నిప్పుకు సంబంధించినవి లోపలికి తీసుకెళ్లనివ్వరు, మంచి పద్ధతే. మీరు వెళితే స్టీలు సీసాలో నీళ్లు పట్టుకెళ్లండి. అక్కడి గార్డు చాలా మర్యాదగా యాదమ్మ సంచి విప్పాడు. అగ్గిపెట్టె, కర్పూరం, అగరొత్తులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు.

"అవ్వా, గివి లోపటికి పోవద్దు. వచ్చేటప్పుడు తీస్కో."

ఆమెకు వినబడలేదనుకుని అతను మళ్లీ చెప్పాడు. ఆమెకు వినబడింది. బల్ల మీద పేర్చిన వాటి వైపే చూస్తోంది. "దేవుని కోసం కట్టినయి నాయినా, కింద పెట్టకు," అంది. అతను ఒక పాత పేపరు పరిచి వాటిని దాని మీదికి జరిపాడు. ఆ పని నేను చేయాల్సింది.

జీపులో మాకు దారి చూపించినతను చెంచు. పేరు లింగయ్య, నడివయసు మనిషి, సరదా మనిషి. పులి గురించి అడిగితే, "అది మిమ్మల్ని చూసే ఉంటది, మీరే దాన్ని చూడలే," అని నవ్వించాడు. ఏనుగంత రాళ్లు, ఎర్రమట్టి బాట, కొమ్మలు ముఖానికి తగులుతాయని ప్రతి వంపులో వంగడం. దుప్పుల గుంపు ఒకటి బాట దాటి, దాటాక ఆగి మమ్మల్నే చూసింది. కొండ అంచున చూసే చోటు ఉంది. అక్కడ నిలబడితే కింద లోయ, ఆ వెనక గుట్ట, దాని వెనక ఇంకో గుట్ట, చివరిది ఆకాశంలో కలిసిపోయింది. ఏళ్ల తరబడి నేను బోర్డు మీద సుద్దముక్కతో గీసిన మూడు వంకర గీతలు ఇవి. చూసి కళ్లు చెమర్చాలి. నాకు చెమర్చలేదు. పక్కనే యాదమ్మ లింగయ్యను అడుగుతోంది.

"గుట్ట ఏ దిక్కు నాయినా? యాదగిరిగుట్ట."

లింగయ్య ఆలోచించి ఉత్తరం వైపు చెయ్యి చాపాడు. ఆమె చెప్పులు విడిచి, ఆ వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది.

"నర్సిమ్మసామికా అవ్వా? ఆయన మా అల్లుడే. మా చెంచోళ్ల పిల్లనే చేసుకున్నడు," అన్నాడు లింగయ్య.

"ఏమన్నవు నాయినా? గట్టిగ సెప్పు, నాకు సెవులు పోయినయి."

అతను రెండోసారి చెప్పాడు. ఆమె ముఖం పొద్దుట్నుంచీ మొదటిసారి విచ్చుకుంది. "గట్లనా? సామి అత్తగారింటికొచ్చిన గద మరి. అల్లుడు లేనప్పుడొచ్చిన," అంది. లింగయ్య పగలబడి నవ్వాడు. వెంటనే ఆమె నా వైపు తిరిగి, "నేను సరిగ్గనే ఇన్ననా సుజాతా? అల్లుడనే అన్నడా?" అని అడిగింది.

"అల్లుడనే అన్నడు అత్తమ్మా," అన్నాను.

తిరుగుదారి

వచ్చేటప్పుడు ఆమె నిద్రపోయింది. నిద్రలోనూ సంచి ఒళ్లోనే ఉంది. మా ఆయన పాటలు పెట్టబోయి మానుకున్నాడు. కల్వకుర్తి రోడ్డు దాటాక రమాదేవి నెమ్మదిగా, "ఆవిడకి చెప్పేయండి. మీరు చెప్పకపోతే నేను చెప్పలేను, అది మీ ఇంటి విషయం," అంది. చెబుతానన్నాను. తుక్కుగూడ వచ్చింది, చెప్పలేదు. ఘట్‌కేసర్ మళ్లీ వచ్చింది, ఆమె మెలకువగానే ఉంది, చెప్పలేదు. మేడ్చల్‌లో దింపాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "మంచిగ సూపెట్టినవు బిడ్డా అడవి," అంది. అప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చి స్టాఫ్ రూము గ్రూపులో ఫోటోలు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు.

మేడ్చల్

కొన్నాళ్లకు నరేందర్ ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"వదినా, అమ్మకు చెవులు చూపించిన. డాక్టర్ మిషన్ పెట్టి చూసి, ఈ వయసుకు మస్తున్నయి, ఏం ఫికర్ లేదన్నడు. అమ్మ నమ్ముతలేదు. మిషన్ ఖరాబైందంటది. సుజాత ఎందుకు అబద్ధమాడతది అంటది."

అతను చెప్పుకుపోయాడు. ఆమె ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదట. బస్సెక్కి ఒక్కతే ఊళ్లు తిరిగే మనిషి, హారన్ వినబడదేమో అని రోడ్డు దాటడం మానేసిందట. ఎవరైనా మెల్లగా మాట్లాడుకుంటే తనకు వినబడకూడదనే అంటున్నారేమో అని లేచి లోపలికి వెళ్లిపోతోందట. గుట్టకు తీసుకెళతానంటే, "సెవులు లేనిదాన్ని ఆ మందిల నేనెక్కడ తప్పిపోత," అందట.

ఒక్క 'ల' కోసం నేను ఆ ఇంట్లో పెట్టిన చిచ్చు అది. ఫోన్లో నరేందర్‌కు చెప్పేసి చేతులు దులుపుకోవచ్చు. అంతకంటే సిగ్గులేని పని ఉండదనిపించింది. సాయంత్రం బడి వదలగానే మేడ్చల్ బస్సెక్కాను.

యాదమ్మ అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లతో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి జరిగి చోటిచ్చింది. లోపలికి పోదాం రమ్మన్నాను. "ఈడనే సెప్పు, అందరు మనోళ్లే," అంది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, వీలైనంత మెల్లగా, "అత్తమ్మా, నీ చెవులు మంచిగున్నయి. ఆ రోజు నేనే అబద్ధమాడిన," అన్నాను.

"ఏందీ?"

"ఫోన్ల నువ్వు గుట్ట అన్నది నేను విన్న. గుట్టకు ఇంకోసారి పోదామని నేను అనలేదు. బండి కోసం ఊరుకున్న."

"గట్టిగ సెప్పు బిడ్డా. నాకు ఇనరాదని నువ్వే అంటివి గదా."

పక్కనున్న ఆడవాళ్ల చేటలు ఆగిపోయాయి. ఎదురింటామె గుమ్మంలోకి వచ్చింది. యాదమ్మ కళ్లు నా పెదాల మీద లేవు, సూటిగా నా కళ్లలో ఉన్నాయి. ఆమె ఏమడుగుతోందో అప్పుడు అర్థమైంది. నేను నిలబడ్డాను. బడిలో చివరి బెంచీకి వినబడేలా మాట్లాడే గొంతు నాది. ఆ గొంతుతోనే, ఆ వీధంతా వినేలా చెప్పాను. ఆమెకు మంచిగా వినబడిందని, నేనే అబద్ధమాడానని, ఆమె మొక్కును వాడుకుని అడవి చూసొచ్చానని, తప్పు ఆమె చెవులది కాదు, నా నోటిదని.

యాదమ్మ చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఇగ ఇనొచ్చింది," అంది.

పక్కనున్న ఆమె ఏదో గొణిగితే, అంత మెల్లగా అన్నదానికీ తల ఎత్తకుండానే జవాబు చెప్పింది. చీకటి పడేదాకా నేను ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఆమె ఎవరినీ మళ్లీ చెప్పమని అడగలేదు. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు.